పద్నాలుగు సార్లు జైలుకెళ్లిన తంబి నాయుడు

అకామా గడువు దాటిందంటే మనిషి రాత్రికి రాత్రే ఖల్లివల్లి అయిపోతాడు. నిన్నటిదాకా ఇనుము కట్టిన చేతులే, ఇవాళ పోలీసు బండి కనిపిస్తే సందులోకి పరుగు. సూపర్‌వైజర్‌గా నేను సైటులో చూస్తున్నదే ఇది. వందేళ్ల కిందట దక్షిణాఫ్రికాలో మనవాళ్లకు ఇదే పరిస్థితి వచ్చినప్పుడు ఎదురు నిలిచినవారిలో తంబి నాయుడు ఒకరు.

ఆయన 1875లో మారిషస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు మద్రాసు నుంచి వలస వెళ్లినవాళ్లు. బడి చదువు లేదు గానీ ఇంగ్లిషు, తమిళం, క్రియోల్ బాగా వచ్చు. తెలుగు కొంత మాట్లాడేవారు, అక్షరాలు మాత్రం రావు. జోహాన్నెస్‌బర్గ్‌లో వ్యాపారం చేసుకునేవారు.

1907లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. ఆసియావాళ్లంతా పది వేళ్ల ముద్రలూ ఇచ్చి రిజిస్టర్ కావాలి, పోలీసు అడిగితే కాగితం చూపాలి. లేదంటే జరిమానా, జైలు, దేశం నుంచి గెంటివేత. ఏళ్ల తరబడి అక్కడే బతుకుతున్నవాడు కూడా ఒక్క కాగితంతో దొంగైపోయాడు! వేలిముద్ర మనకిప్పుడు మామూలే గానీ, పది వేళ్లూ నేరస్తుల దగ్గరే తీస్తారని అప్పటివాళ్ల బాధ.

రిజిస్ట్రేషన్ ఆఫీసుల ముందు నిలబడి జనానికి నచ్చజెప్పే వలంటీర్లకు నాయుడుగారే పెద్ద. 1908 జనవరిలో గాంధీగారితో పాటు జైలుకెళ్లారు. ఫిబ్రవరిలో గాంధీగారి మీద దాడి జరిగితే పక్కనే ఉండి తానూ దెబ్బలు తిన్నారు.

తర్వాత ప్రభుత్వం కొత్త దారి పట్టింది. సత్యాగ్రహులను పట్టుకుని, పోర్చుగీసువారి డెలగోవా బే రేవు మీదుగా ఓడెక్కించి ఇండియాకు పంపేసింది. 1910 ఏప్రిల్‌లో ఒక్క ఓడలోనే సుమారు అరవై మంది. కొందరు దక్షిణాఫ్రికాలోనే పుట్టారు, ఇండియా మొహమే ఎరగరు. పెళ్లాం పిల్లలు అక్కడే ఉండిపోయారు. వాళ్లలో నారాయణస్వామి అనే ఆయన తిరిగొస్తే ఏ రేవులోనూ దిగనివ్వలేదు. వారాల తరబడి ఓడల మీదే తిరిగి, ఆ అక్టోబరులో డెలగోవా బేలో చనిపోయారు. ఆయన చేసిన తప్పేమిటో నాకైతే అర్థం కాదు.

1913లో నాయుడుగారు సత్యాగ్రహి మహిళలతో న్యూకాజిల్ వెళ్లి బొగ్గుగని కూలీలను సమ్మెకు కదిలించారు. ఆయన భార్య వీరమ్మాళ్ చంటిబిడ్డతోనే జైలుకెళ్లారు. 1914లో భారతీయుల ఉపశమన చట్టం వచ్చింది, మూడు పౌన్ల తలపన్ను పోయింది. ఆ ఏడాదే నాయుడు దంపతులు నలుగురు కొడుకులను గాంధీగారికి అప్పగించారు.

నాయుడుగారు 1933లో పోయారు. మనవడు ఇంద్రెస్ నాయుడు 1963 నుంచి పదేళ్లు రాబెన్ ద్వీపం జైల్లో ఉన్నారు.