ఆచార్య సూరి భగవంతం

తిరగలి పిడి రాతి అంచుననే ఎందుకుండునో మన ముసలమ్మలకు భౌతికశాస్త్రము చదువకనే తెలియును. నడిమి మేకు ప్రక్కన ఎంత నెట్టినను రాయి కదలదు. త్రిప్పుటకు బలమొక్కటియే చాలదు. ఇరుసునుండి ఎంత దూరమున ఆ బలము తగిలినదియు లెక్కకు వచ్చును. ఈ త్రిప్పు బలమునకే టార్క్ అని పేరు. తిరుగు వస్తువునందుండు కోణీయ ద్రవ్యవేగమును మార్చవలెనన్న వెలుపలినుండి టార్క్ తగిలి తీరవలెను. రాతికిని భూగోళమునకును ఈ నియమము చెల్లుట వింత గాదు. మరి కాంతియందును తిరుగుడు కలదా? ఈ ప్రశ్నకు ప్రయోగముతో సమాధానము వెదకిన తొలి వారిలో ఇరువదియొకటి రెండేండ్ల తెలుగు యువకుడొకడుండెను.

సూరి భగవంతం 1909లో నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించెను. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టము పొంది, 1928లో కలకత్తాలో రామన్ గారి శిష్యుడయ్యెను. రామన్ ఫలితము వెలువడిన సంవత్సరమది. అంతకంటె మంచి సమయము దొరకదు.

వాయువుపై కాంతిని ప్రసరింపజేసిన, అందులో కొంత చెదరి ప్రక్కలకు వచ్చును. వాయువులోని అణువులు బొంగరములవలె తిరుగుచుండుటచే, చెదరిన కాంతిలో కొంతభాగపు రంగు లేశమాత్రము మారును, తక్కినది మారదు. ఈ రెండు భాగములను వేరుపరచి, కాంతి కంపనముల దిశ ఎంతవరకు చెడినదో గురుశిష్యులు కొలిచిరి. తమకు దొరకిన అంకెలనుబట్టి కాంతికణమునకు స్వీయ భ్రమణము కలదని 1931లో ప్రకటించిరి. కళాశాలలో చరిత్ర చదివిన నేను ఆ గణితమును ఆమూలాగ్రము అనుసరింపలేను. ఐనను ఇది అంకెలనుండి తీసిన ఊహయే గాని, కాంతి దేనినైనను త్రిప్పుటను కన్నులార చూచుట గాదని మాత్రము చెప్పవచ్చును.

ఆ చూపు 1936లో అమెరికాలో లభించినది. రిచర్డ్ బెత్ అను శాస్త్రజ్ఞుడు సన్నని స్ఫటికపు తీగకు పలుచని పలకను వ్రేలాడదీసి, దానిగుండా వర్తుల ధ్రువణము గల కాంతిని పంపెను. పలకను దాటునపుడు కాంతి తన తిరుగుడు దిశను మార్చుకొనును. ఆ మార్పునకు బదులుగా పలక మెలిపడవలెను. పడినది. తిరగలి రాతికి చెల్లిన న్యాయమే కాంతికిని చెల్లినది.

1932లో భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరెను. తరువాతి పదవులు మనవారెరిగినవే: ఉస్మానియా ఉపాధ్యక్షత, బెంగుళూరు విజ్ఞాన సంస్థ డైరెక్టరు పదవి. లక్ష్మీ నగరునుండి యమున దాటి కార్యాలయములకు పోవు మనలో పలువురికి ఆయన 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగనే తెలియును. ఫైళ్ళు మనిషినెట్లు మ్రింగునో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. 1989లో ఆయన కీర్తిశేషులైన పిమ్మటను పదవుల జాబితాయే ఎక్కువగ వినబడుచున్నది.

కాని ఒక స్ఫటికమును ఎంత త్రిప్పిన మరల తొల్లింటి రూపమే కనబడునో, దానినిబట్టి దాని గుణములెట్లు నిర్ణయమగునో వివరించు ఆయన ఆంగ్ల గ్రంథము వెలువడినది 1966లో, ఆ సలహాదారు పదవిలో ఉన్న కాలముననే.