సుడుల గుట్టు విప్పిన షుబ్నికోవ్

ఆసుపత్రిలో ఎంఆర్‌ఐ స్కానింగ్ తీయించుకునే వాళ్లకు లెవ్ షుబ్నికోవ్ పేరు తెలిసే అవకాశం తక్కువే. ఆ యంత్రంలోని అయస్కాంతానికి చుట్టే అతివాహక తీగల స్వభావాన్ని ముందుగా పసిగట్టింది ఆయనే.

1901లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. లోహాల స్ఫటికాలు పెంచడంలో చెయ్యి తిరిగిన మనిషి. 1926లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ వెళ్లారు. అక్కడ డి హాస్‌తో కలిసి బిస్మత్ స్ఫటికాన్ని బాగా చల్లబరిచి, అయస్కాంత బలం పెంచుతూ పోయారు. దాని విద్యుత్ నిరోధం తిన్నగా పెరగలేదు, పైకీ కిందికీ ఊగింది. 1930లో వెలువడిన ఆ ఫలితానికి ఇద్దరి పేర్లూ నిలిచాయి.

ఖార్కోవ్‌లో కొత్త ల్యాబ్

ఆ ఏడాదే తిరిగొచ్చి ఉక్రెయిన్‌లోని ఖార్కోవ్‌లో చేరారు. సోవియట్ దేశంలో తొలి అతిశీతల ప్రయోగశాలను నిలబెట్టారు. భార్య ఓల్గా ట్రపెజ్నికోవా కూడా భౌతిక శాస్త్రవేత్తే, అక్కడే పనిచేశారు.

బాగా చల్లబరిస్తే కొన్ని లోహాల్లో కరెంటు ఏమాత్రం నష్టం లేకుండా పారుతుంది. అవే అతివాహకాలు. శుద్ధ సీసంలాంటివి అయస్కాంత క్షేత్రాన్ని లోపలికి రానివ్వవు, క్షేత్రం హద్దు దాటితే ఆ గుణమే పోతుంది. మిశ్రలోహాలు మాత్రం వేరుగా ప్రవర్తించేవి. ముక్క సరిగా లేకనే అలా జరుగుతోందని చాలామంది కొట్టిపారేశారు. షుబ్నికోవ్ సీసంలో థాలియం కలిపి మేలైన స్ఫటికాలు చేయించారు. మొదటి హద్దు దాటాక క్షేత్రం కొద్దికొద్దిగా చొరబడుతోంది, అయినా రెండో హద్దు దాకా అతివాహకత పోవడం లేదు. లోపం ముక్కది కాదు, అది ఆ లోహం గుణమే అని తేలింది.

తూటా, ఆపై అబద్ధం

స్టాలిన్ అణచివేత రోజులవి. 1937 ఆగస్టులో అరెస్టు చేశారు. విద్రోహి అని ముద్ర వేసి, నవంబరు 10న కాల్చేశారు. అప్పటికి వయసు 36. ఇంటివాళ్లకు మాత్రం 1945లో చనిపోయినట్టు చెప్పారు. అసలు తేదీ బయటపడేసరికి దశాబ్దాలు గడిచాయి.

1957లో అబ్రికోసోవ్ లెక్క తేల్చారు. చొరబడే క్షేత్రం సన్నని పోగుల్లా దిగుతుంది, ఒక్కో పోగు చుట్టూ కరెంటు సుడి తిరుగుతుంది. ఆయన తన లెక్కను సరిచూసుకుంది షుబ్నికోవ్ కొలతలతోనే. 2003లో అబ్రికోసోవ్‌కు నోబెల్ దక్కింది.

ఆ సుడులు కదిలితే నిరోధం పుడుతుంది. అందుకే పరిశోధకులు పలుచని అతివాహక పొరల్లో వరుసగా చిన్న రంధ్రాలు చేసి వాటిని పట్టి ఉంచుతున్నారు. సుడుల లెక్క రంధ్రాల లెక్కకు సరిపోయిన చోట నిరోధం ఒక్కసారిగా తగ్గుతుంది.

సుడులు నిలిచే ఆ స్థితిని శాస్త్రవేత్తలు షుబ్నికోవ్ దశ అని కూడా పిలుస్తారు.