కొడుకుతో సమానంగా ప్రైజ్.. భరించలేక గెంటేసిన తండ్రి! డ్రిప్ వెంచురీ వెనకున్న బెర్నూలీ కథ ఇదే

జహీరాబాద్ దాటి ముంబై హైవే మీద కర్ణాటక వైపు వెళ్తే బార్డర్ దగ్గర వచ్చే ఊరు చిరాగ్‌పల్లి. ఇక్కడ బైక్ మీద వెళ్తుంటే పక్కనుంచి పెద్ద లారీ స్పీడుగా దూసుకెళ్తుంది. ఆ క్షణంలో బండి లారీ వైపు లాగినట్టు అనిపిస్తుంది. ఇక ఈ చుట్టుపక్కల చెరకు, అల్లం పండిస్తారు. డ్రిప్ ఉన్న పొలంలో వెంచురీ బిగిస్తే చాలు, డ్రమ్ములోని ఎరువు నీళ్లు మోటార్ లేకుండానే పైపులోకి ఎక్కేస్తాయి. ఈ రెండింటి వెనకా ఉన్న సూత్రం ఒక్కటే. అదే ఇంటర్ స్టూడెంట్స్ ఫిజిక్స్‌లో చదివే బెర్నూలీ సిద్ధాంతం. దాన్ని కనిపెట్టిన డేనియల్ బెర్నూలీకి మాత్రం ఆ ఘనత అంత ఈజీగా దక్కలేదు. అడ్డుపడింది ఎవరో కాదు.. కన్నతండ్రే!

వ్యాపారం చెయ్యమన్న తండ్రి

డేనియల్ 1700లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పుట్టాడు. ఫ్యామిలీది స్విట్జర్లాండ్‌లోని బాసెల్. తండ్రి జోహాన్ యూరప్‌లోనే పేరున్న గణిత మేధావి. అయినా కొడుకుని మాత్రం వ్యాపారంలో పెట్టాలని చూశాడు. అది కుదరక మెడిసిన్ చదివించాడు. ఊపిరి ఎలా ఆడుతుందనే అంశంపై థీసిస్ రాసి 1721లో డేనియల్ డాక్టర్ అయ్యాడు. కానీ లెక్కల మీద ఇష్టం పోలేదు. అన్న నికోలస్ దగ్గర, తండ్రి దగ్గర నేర్చుకుంటూనే ఉన్నాడు.

1725లో అన్నదమ్ములిద్దరూ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో చేరారు. ఏడాది తిరక్కుండానే నికోలస్ చనిపోయాడు. ఆ తర్వాత 1727లో అక్కడికి వచ్చినవాడే లియొనార్డ్ ఆయిలర్. జోహాన్ శిష్యుడు. ఈ ఇద్దరు కుర్రాళ్లూ నీళ్లు, రక్తం లాంటివి ఎలా ప్రవహిస్తాయన్న దానిపై పడ్డారు.

పైపుకి చిన్న రంధ్రం

డేనియల్ చేసిన ప్రయోగం చాలా సింపుల్. నీళ్లు పారే పైపు గోడకి చిన్న రంధ్రం పెట్టి, అందులో సన్నటి గాజు గొట్టం నిలబెట్టాడు. గొట్టంలో నీళ్లు ఎంత ఎత్తుకి ఎక్కితే అక్కడ పీడనం అంత ఎక్కువన్నమాట. పైపులో నీటి వేగం పెరిగితే గొట్టంలో మట్టం తగ్గింది. అంటే వేగం పెరిగిన చోట పీడనం పడిపోతోంది!

చాలామంది స్టూడెంట్స్ కన్‌ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. పైపు ఇరుకైతే నీళ్లు అక్కడ నొక్కుకుపోతాయి కదా, పీడనం పెరగాలి కదా అనుకుంటారు. కానీ ఇరుకులోకి వెళ్లేటప్పుడు నీళ్లు స్పీడ్ అందుకోవాలి. అలా అందుకోవాలంటే వెనక నుంచి నెట్టే బలం, ముందున్న బలం కంటే ఎక్కువ ఉండాలి. అందుకే వెనక పీడనం ఎక్కువ, ముందున్న ఇరుకులో తక్కువ. వెంచురీలో జరిగేదీ ఇదే. ఇరుకు భాగంలో పీడనం బయటి గాలి కంటే తగ్గిపోతుంది, దాంతో బయటి గాలి డ్రమ్ములోని ఎరువు నీళ్లని లోపలికి నెట్టేస్తుంది.

ప్రైజ్ తెచ్చిన తంటా

1733లో డేనియల్ బాసెల్‌కి తిరిగొచ్చాడు. 1734లో పారిస్ అకాడమీ బహుమతి తండ్రీకొడుకులిద్దరికీ కలిపి వచ్చింది. వేరే ఇంట్లో అయితే పండగే. కానీ కొడుకు తనతో సమానమయ్యాడన్నది జోహాన్ భరించలేకపోయాడు. డేనియల్‌ని ఇంట్లోకి రానివ్వలేదు.

1738లో డేనియల్ పుస్తకం హైడ్రోడైనమికా అచ్చయింది. టైటిల్ పేజీలో తన పేరు పక్కన జోహాన్ కొడుకుని అని రాసుకున్నాడు. అయినా తండ్రి మనసు కరగలేదు. కొన్నేళ్లకి జోహాన్ అదే సబ్జెక్ట్ మీద హైడ్రాలికా పేరుతో పుస్తకం తెచ్చాడు. అంతా 1732లోనే రాసేసినట్టు పాత తేదీ వేసుకున్నాడు. అందులో జోహాన్ సొంత విశ్లేషణ కూడా ఉంది. కానీ ఆ తేదీతో కొడుకు కష్టం వెనక్కి వెళ్లిపోయింది. పదేళ్ల శ్రమ దోచుకుపోయారంటూ డేనియల్ ఆయిలర్‌కి లెటర్ రాసి బాధపడ్డాడు.

మళ్లీ క్లాస్‌రూమ్‌కే

డేనియల్ ఆ తర్వాత కూడా ఆగిపోలేదు. బాసెల్ యూనివర్సిటీలో మొదట వృక్షశాస్త్రం, తర్వాత శరీరధర్మశాస్త్రం చెప్పాడు. చివరికి 1750లో మనసుకి నచ్చిన ఫిజిక్స్ చేతికొచ్చింది. పాతికేళ్లకు పైగా ప్రయోగాలు చేసి చూపిస్తూ పాఠాలు చెప్పాడు, వాటిని వినడానికి జనం బాగా వచ్చేవారు. పారిస్ అకాడమీ బహుమతి మొత్తం పదిసార్లు గెలిచాడు. ఇప్పుడు పుస్తకాల్లో ఉన్న సమీకరణానికి ఆ రూపం ఇచ్చింది స్నేహితుడు ఆయిలరే. 1782 మార్చి 17న బాసెల్‌లో డేనియల్ కన్నుమూశాడు.

మీరూ ఓసారి ట్రై చేయండి. రెండు కాగితాలు కాస్త ఎడంగా వేలాడదీసి, మధ్యలోంచి గట్టిగా ఊదండి. విడిపోతాయనుకుంటారు.. కానీ దగ్గరికొస్తాయి. పాత తేదీ వేసుకున్న హైడ్రాలికా ఇవాళ ఎంతమందికి తెలుసు? ఆ సిద్ధాంతాన్ని లోకం డేనియల్ పనిగానే గుర్తుపెట్టుకుంది.