ఉషా మెహతా

మీట త్రిప్పినంతనే పాటలును, వార్తలును, పెద్దల ప్రసంగములును వినవచ్చుట నేడు మనకు వింతగా తోచదు. ఒక ఊరివారు తమ ఊరివారి కొరకే నడుపుకొను చిన్న రేడియో కేంద్రములు కూడ నేడు మన దేశమున కలవు. అచ్చట ఒక యువకుడో, యువతియో శ్రోతలను పలుకరించి, వచ్చిన అతిథిని పరిచయము చేసి, నడుమ నడుమ పాటలు వినిపించుచుందురు. కాని ఒకప్పుడు ప్రభుత్వమునకు గిట్టని వార్తను ఇట్లు రేడియోలో చెప్పుట చెరసాలకు త్రోవ తీసెడి నేరము. అట్టి కాలమున ఇరువది రెండేండ్ల విద్యార్థిని యొకతె ఆ పనికి పూనుకొని, తుదిదినమున సైతము తన కార్యక్రమమును కడపటి పాట ముగియువరకు సాగించెను. ఆమెయే ఉషా మెహతా.

ఉష 1920వ సంవత్సరము మార్చి 25వ తేదీన గుజరాతు ప్రాంతమున, సూరతు నగరమునకు చేరువనున్న సరస్ అను గ్రామములో జన్మించెను. ఆమె తండ్రి ఆంగ్ల ప్రభుత్వము క్రింద న్యాయాధిపతిగా నుండెను. ఐదేండ్ల ప్రాయమున ఆమె అహమ్మదాబాదులోని ఆశ్రమమున గాంధీమహాత్ముని దర్శించెను. పిదప కొంతకాలమునకు ఆయన ఆమె గ్రామమునకు సమీపమున శిబిరము నడపగా, ఆ బాలిక అచ్చటికి పోయి కొంచెము నూలు వడికెను. నాడు నాటుకొనిన బీజము ఆమె హృదయమున మహావృక్షమై పెరిగెను.

1928వ సంవత్సరమున సైమను సంఘమునకు వ్యతిరేకముగ దేశమంతట ఊరేగింపులు జరిగెను. ఎనిమిదేండ్ల ఉష కూడ అట్టి ఊరేగింపులో పాల్గొని నినాదములు చేసెను. ఆ రోజులలో ఒకనాడు పిల్లలు జెండా పట్టుకొని నడచుచుండగా పోలీసువారు పైబడిరి. జెండా మోయుచున్న బాలిక జెండాతో కూడ నేలపై పడిపోయెను. పిల్లలు కంటనీరు పెట్టుకొని ఈ సంగతి తలిదండ్రులతో చెప్పిరి. పెద్దలు వారికి జెండా వన్నెలు గల దుస్తులను కుట్టించి యిచ్చిరి. పిల్లలు ఆ దుస్తులు ధరించి మరల వీథిలోనికి వచ్చిరి. చేతిలోని జెండాను పడద్రోయవచ్చును గాని, ఒడలిపై ధరించిన జెండాను పడద్రోయుట యెట్లు?

ప్రభుత్వోద్యోగి యగుటచే తండ్రి తొలుత కుమార్తెను జాతీయోద్యమమున పాల్గొననీయలేదు. 1930లో ఆయన ఉద్యోగమును విరమించిన పిమ్మట ఆ అడ్డంకి తొలగిపోయెను. 1932లో ఆ కుటుంబము బొంబాయి నగరమునకు తరలి వచ్చెను. చెరసాలలోనున్న వారికి ఉత్తరములు చేరవేయుట, రహస్య పత్రములు పంచుట వంటి పనులు ఆమెకు చిన్ననాడే అలవడెను. ఆమె జీవితాంతము ఖద్దరునే ధరింప నిశ్చయించుకొనెను. విల్సన్ కళాశాలలో తత్త్వశాస్త్రము చదివి 1939లో పట్టభద్రురాలయ్యెను. అటుపిమ్మట న్యాయశాస్త్రమును చదువసాగెను. ఆ చదువు ముగియలేదు.

1942 ఆగస్టు 8వ తేదీన బొంబాయిలోని గొవాలియా టాంకు మైదానమున కాంగ్రెసు మహాసభ ఆంగ్లేయులు భారతదేశమును విడిచిపోవలెనని తీర్మానించెను. మరునాడు తెల్లవారకమునుపే గాంధీజీని, ఇతర నాయకులను ప్రభుత్వమువారు బంధించిరి. పత్రికలపై కఠినమైన ఆంక్షలు విధింపబడెను. ప్రభుత్వ రేడియో ప్రభుత్వమునకు అనుకూలమైన మాటలనే చెప్పుచుండెను. ఏ ఊరిలో ఏమి జరుగుచున్నదో పొరుగూరివారికి తెలియు మార్గమే లేకపోయెను. నాయకులు లేని వేళ, వార్తలు కూడ లేనిచో ప్రజలు దిక్కుతోచక నీరుగారిపోవుదురు. ఈ కొరతను తీర్చుటకు ప్రజలదైన ఒక రేడియో కావలెనని ఉషయు, ఆమె మిత్రులును తలచిరి.

అయితే తలపు వేరు, పని వేరు. ప్రసార యంత్రమును సమకూర్చుటకు ధనము కావలెను. దానిని నడుపుటకు నేర్పరులు కావలెను. అన్నిటికంటె మిన్నగా గుట్టు నిలుపగల మిత్రులు కావలెను. బాబూభాయి ఖాకర్, విఠలభాయి ఝవేరి, చంద్రకాంత ఝవేరి మొదలగువారు ఆమెకు తోడ్పడిరి. చికాగో రేడియో సంస్థకు చెందిన నానక్ మోత్వానీ పరికరముల విషయమున సాయపడెను. ఆగస్టు 27వ తేదీన చౌపాటీ సముద్రతీరమునకు దగ్గరనున్న ఒక భవనము నుండి కాంగ్రెసు రేడియో తొలిసారిగా పలికెను.

ఆ కార్యక్రమమునకు ఒక క్రమము కలదు. మొదట హిందూస్థాన్ హమారా గీతము వినిపించెడిది. పిదప ఇది కాంగ్రెసు రేడియో యనియు, 42.34 మీటర్లపై వినవచ్చుచున్నదనియు ప్రకటించెడివారు. ఎచ్చటి నుండి యన్నచో, భారతదేశములో ఒకానొక చోటి నుండి యని మాత్రమే తెలిపెడివారు. అటుపిమ్మట వార్తలు, ప్రసంగములు నడచెడివి. రాంమనోహర్ లోహియా, అచ్యుత పట్వర్ధన్ వంటి నాయకులు ఈ రేడియోకు అండగా నిలిచి ప్రసంగముల నిచ్చిరి. విద్యార్థులకు, కార్మికులకు ఈ రేడియో కర్తవ్యమును బోధించుచుండెను. కార్యక్రమము వందేమాతర గీతముతో ముగిసెడిది. తొలిదినములలో ఉదయము, సాయంకాలము కూడ ప్రసారము జరిగెను. తరువాత సాయంకాలము ఏడున్నర గంటల నుండి ఎనిమిదిన్నర వరకు మాత్రమే జరుగుచుండెను. హిందీ, ఇంగ్లీషు భాషలు రెండును వాడుచుండిరి.

చిట్టగాంగుపై జరిగిన బాంబుల దాడి, జంషెడ్‌పూరు కార్మికుల సమ్మె, బలియాలో ప్రజలు సాగించిన పోరాటము, అష్టీ చిమూరులలో జరిగిన దారుణములు - ఇట్టి సంగతులను ముట్టుకొనుటకు పత్రికలు వెరచిన కాలమున కాంగ్రెసు రేడియో ప్రజలకు తెలిపెను.

ప్రసార యంత్రము నుండి వెలువడు తరంగములు శ్రోతలకు మాటను చేర్చును. తగిన పరికరములు గల పోలీసువారికి ఆ తరంగములే యంత్రమున్న తావును కూడ తెలుపును. ఒకేచోట ఎక్కువ దినములున్నచో పట్టుబడుట నిశ్చయము. అందుచేత ఉషయు, ఆమె మిత్రులును యంత్రమును ఒక ఇంటి నుండి మరియొక ఇంటికి మార్చుచు వచ్చిరి. ఎన్ని ఇండ్లు మారినను వారు ప్రసారమును విడువలేదు. శ్రోతలు ఎదురుచూచు వేళకు పలుకకపోయినచో వారి విశ్వాసము సడలునని వారెరుగుదురు.

నవంబరు 12వ తేదీ వచ్చెను. ఆనాడు పోలీసువారు బాబూభాయి కార్యాలయమున సోదా ప్రారంభించిరి. ఉష వెంటనే లోహియా మొదలగువారున్న చోటికి పోయి వారిని హెచ్చరించెను. ఆ సాయంకాలము ప్రసారము మానుకొని దాగియుండుట ఆమెకు అసాధ్యము కాదు. కాని నాయకులు అజ్ఞాతవాసమునకు తొలగిపోగా, ఆమె చంద్రకాంత ఝవేరితో కూడి మహాలక్ష్మి దేవాలయ సమీపమున యంత్రమున్న ఇంటికి పోయెను. నిత్యము వలెనే మొదటి గీతము వినిపించెను. నిత్యము వలెనే వార్తలు చదువబడెను. పోలీసువారికి చిక్కిన సాంకేతిక నిపుణుడొకడు అప్పటికే వారికి ఆ చోటును తెలిపియుండెను. వందేమాతర గీతము మ్రోగుచుండగా తలుపులపై దెబ్బలు వినవచ్చెను. పోలీసువారు తలుపులు పగులగొట్టి లోపల ప్రవేశించి, గీతము నిలుపుమని ఆజ్ఞాపించిరి. ఉష అందులకు అంగీకరింపలేదు. గీతము చివరివరకు సాగెను. అటుపిమ్మటనే ఆమె వారి వెంట నడచెను.

రమారమి ఆరు మాసములు ఆమెను ఒంటరిగా నిర్బంధించి ప్రశ్నించిరి. ఉద్యమ రహస్యములు చెప్పినచో విదేశములకు పంపి చదివింతుమని ఆశ చూపిరి. సగములో చదువు నిలిచిన విద్యార్థినికి అది చిన్న ఆశ కాదు. అయినను ఆమె పెదవి కదల్పలేదు. విచారణ సమయమున, ప్రశ్నలకు తప్పక ప్రత్యుత్తర మీయవలెనా యని ఆమె న్యాయాధిపతిని అడిగెను. అట్టి నిర్బంధము లేదని తెలిసిన పిదప, తన్ను కాపాడుకొనుటకైనను ఒక్క మాట పలుకకుండెను. రేడియోలో దేశమంతటికి వినబడవలెనని పలికిన ఆ కంఠము, మిత్రులను కాపాడవలసి వచ్చినపుడు మౌనము వహించెను. న్యాయస్థానము బాబూభాయికి ఐదేండ్లు, ఉషకు నాలుగేండ్లు, చంద్రకాంతునకు ఒక యేడు శిక్ష విధించి, విఠలభాయిని, మోత్వానీని విడుదల చేసెను.

ఉష పూనా దగ్గరి ఎరవాడ చెరసాలలో శిక్ష ననుభవించెను. అచ్చట ఆమె ఆరోగ్యము చెడిపోయెను. చికిత్సకై బొంబాయి ఆసుపత్రికి తెచ్చినపుడు కూడ పోలీసులు రేయింబవళ్లు కావలి యుండిరి. 1946లో ఆమె విడుదలయ్యెను. 1947 ఆగస్టు 15వ తేదీన దేశమంతయు పండుగ చేసికొనుచుండగా ఆమె రోగపీడితయై మంచము పట్టియుండెను. ఏ దినము కొరకు చెర ననుభవించెనో, ఆ దినపు వేడుకను ఆమె కన్నులార చూడజాలకపోయెను.

ఆరోగ్యము కొంత కుదుటపడిన పిమ్మట ఆమె మరల చదువు సాగించెను. గాంధీజీ భావములపై పరిశోధన చేసి బొంబాయి విశ్వవిద్యాలయము నుండి డాక్టరు పట్టమును పొందెను. తాను చదివిన విల్సన్ కళాశాలలోనే ముప్పది యేండ్లు విద్యార్థులకు పాఠములు చెప్పి, 1980లో ఉద్యోగమును విరమించెను. గాంధీజీ బొంబాయిలో బసచేసిన మణిభవనమున వెలసిన స్మారక సంస్థకు అధ్యక్షురాలై సేవ చేసెను. 1998లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మవిభూషణ బిరుదము నొసగెను. ఆగస్టు ఉద్యమ స్మృతిదినమున నాటి మైదానమునకు పోవుట ఆమెకు నియమము. 2000వ సంవత్సరమున జ్వరము పైకొనియున్నను ఆమె ఆ ఉత్సవమునకు పోయి అలసి ఇంటికి చేరెను. రెండు దినముల పిమ్మట ఆగస్టు 11వ తేదీన ప్రశాంతముగ కన్ను మూసెను.

కాంగ్రెసు రేడియో పలికినది రెండున్నర మాసములు మాత్రమే. యంత్రమును పోలీసువారు పట్టుకొనిరి. నడిపినవారు చెరసాలల పాలైరి. కాలగణనమున అది స్వల్పమే. కాని ప్రభుత్వము ప్రజల నోరు నొక్కిన వేళ, దేశవార్తలను దేశీయులకే తెలిపిన కంఠమది. వినువారు తనను నమ్మి ఎదురుచూచుచున్నారని ఉష ఎన్నడును మరువలేదు. వేళ తప్పక పలుకరించుట, నిజమును చెప్పుట, మొదలిడిన పనిని నడుమ విడువకుండుట - ఆ యువతి తన శ్రోతలకు చెల్లించిన ఋణమిదియే.