సంపాదన ఆమెది, హక్కు భర్తది: చట్టంతో పోరాడిన కెరోలిన్ నార్టన్

భార్య కష్టపడి సంపాదించిన డబ్బు ఎవరిది? ఇప్పుడు ఇదేం ప్రశ్న అనిపిస్తుంది. కానీ 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో చట్టం చెప్పిన జవాబు వేరు. భర్తది. పెళ్లయ్యాక భార్యాభర్తలు చట్టం దృష్టిలో ఒకే మనిషి, ఆ మనిషి భర్తే. పుట్టింటివాళ్లు ముందే ట్రస్టు రాసి పెడితే తప్ప భార్య జీతం, దుకాణం రాబడి అన్నీ అతని చేతికే పోయేవి. ఆమె సొంతంగా కాంట్రాక్టు చేసుకున్నా చెల్లదు. ఆ చట్టాన్ని కలంతో ఎదిరించిన రచయిత్రి కెరోలిన్ నార్టన్.

1808లో లండన్‌లో పుట్టారు. ప్రసిద్ధ నాటక రచయిత షెరిడాన్ మనవరాలు. పేరు పెద్దదే గానీ ఇంట్లో డబ్బు లేదు, తండ్రి చిన్నప్పుడే పోయారు. 1827లో జార్జ్ నార్టన్ అనే లాయర్‌తో పెళ్లయింది. అతను పార్లమెంటు సభ్యుడు కూడా. ప్రాక్టీసు అంతంత మాత్రం, కోపం మాత్రం ఎక్కువ. భార్యను కొట్టేవాడు. ఇల్లు గడవడానికి కెరోలిన్ కవితలు, కథలు రాశారు, పత్రికలకు ఎడిటర్‌గా చేశారు. చెప్పాలంటే భర్త ఉద్యోగం కూడా ఆమె చలవే. హోం మంత్రి లార్డ్ మెల్‌బోర్న్‌ను అడిగి 1831లో అతనికి ఏడాదికి 1,000 పౌండ్ల మేజిస్ట్రేట్ పోస్టు ఇప్పించారు.

ఆ మెల్‌బోర్న్ తర్వాత ప్రధానమంత్రి అయ్యారు. 1836లో జార్జ్, తన భార్యతో ఆయనకు అక్రమ సంబంధం ఉందంటూ 10,000 పౌండ్ల నష్టపరిహారానికి కేసు వేశాడు. పరువు పోయేది కెరోలిన్‌ది, కానీ ఆ కేసులో ఆమె పార్టీయే కాదు. కోర్టుకొచ్చి ఒక్క మాట చెప్పుకునే వీలు లేదు. జ్యూరీ మెల్‌బోర్న్‌కు అనుకూలంగా తీర్పిచ్చింది. గెలిచినట్టే కదా అనుకుంటాం. అసలు చిక్కు అక్కడే మొదలైంది. తప్పు రుజువు కాలేదు కాబట్టి జార్జ్‌కు విడాకులు రావు. ఇక భార్య విడాకులు తీసుకోవాలంటే పార్లమెంటులో ప్రత్యేక చట్టం పాస్ కావాలి. 1857కు ముందు అలా విడాకులు పొందిన భార్యలు మొత్తం నలుగురే.

ముగ్గురు కొడుకులనూ జార్జ్ తన దగ్గరే పెట్టుకున్నాడు, తర్వాత స్కాట్లండ్‌లోని బంధువుల ఇంటికి పంపేశాడు. పిల్లలపై హక్కు తండ్రిదే. కెరోలిన్ కరపత్రాలు రాసి, ఎంపీలను కదిలించారు. 1839లో చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లల కోసం తల్లి కోర్టుకు వెళ్లొచ్చు. కానీ అది స్కాట్లండ్‌కు వర్తించదు. 1842లో చిన్న కొడుకు విలియం గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. తల్లి చేరేసరికే ప్రాణం పోయింది.

డబ్బు గొడవ 1853లో కోర్టుకెక్కింది. ఏడాదికి ఇంత ఇస్తానని జార్జ్ 1848లో ఒప్పందం రాసిచ్చాడు. తల్లి చనిపోయి కెరోలిన్‌కు కొంత ఆదాయం రాగానే దాన్ని ఆపేశాడు. ఆమె తన బాకీలను అతని మీదికే పంపారు. గుర్రపు బగ్గీల వ్యాపారి ఒకరు కోర్టుకు వెళ్లారు. జార్జ్ ఆమె బ్యాంకర్లకు, పబ్లిషర్లకు సమన్లు పంపించి రాతల మీద ఎంత వస్తోందో బయటపెట్టించాడు. ఒప్పందం సంగతి? భార్యాభర్తలు ఒకే మనిషి కదా, తనతో తాను కాంట్రాక్టు ఎలా చేసుకుంటాడు! చివరికి అతనే గెలిచాడు. పుస్తకాలు రాసింది ఆమె, వాటి రాబడి మీద హక్కు అతనిది.

కెరోలిన్ మళ్లీ కలం పట్టారు. 1854లో ఆడవాళ్ల చట్టాల గురించి ఒక కరపత్రం, 1855లో విక్టోరియా రాణికి బహిరంగ లేఖ. ఆడ, మగ సమానమని ఆమె వాదించలేదు, నిజానికి ఆ మాట ఆమె ఒప్పుకోలేదు కూడా. చట్టం రక్షణ మాత్రమే అడిగారు. 1857 చట్టంతో విడాకులు పార్లమెంటు నుంచి కోర్టుకు మారాయి. ఆమె అడిగినవి కొన్ని అందులోకి వచ్చాయి. భర్త వదిలేసిన భార్య మేజిస్ట్రేట్ దగ్గర ఆర్డర్ తెచ్చుకుంటే, ఆ తర్వాత సంపాదించుకున్నది ఆమెదే. భర్తగానీ అతని అప్పులవాళ్లుగానీ ఆ ఆస్తిని లాక్కుంటే తిరిగివ్వాలి, పైగా దాని విలువకు రెట్టింపు కట్టాలి. కుట్టుపని చేసుకునే ఆడమనిషికీ, చిన్న కొట్టు పెట్టుకున్న ఆడమనిషికీ ఇది మామూలు విషయం కాదు. అయితే విడాకుల్లో తేడా మిగిలింది. భార్య వ్యభిచారం ఒక్కటే భర్తకు చాలు. భార్యకైతే దానికి తోడు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా రుజువు కావాలి.

కాపురం చేస్తున్న భార్యకు కూడా జీతం, వ్యాపారం, రాతల మీద వచ్చే డబ్బు ఆమెదేనని 1870 చట్టం చెప్పింది. అలాంటి చట్టమే 1874లో మన దేశానికీ వచ్చింది. హిందూ, ముస్లిం మహిళలను దాని నుంచి మినహాయించారు. మెహర్, వారసత్వం, సొంత వ్యాపారం భార్యవేనని షరియత్ ఎప్పటినుంచో చెబుతోంది మరి. కానీ అందులోని బీమా సెక్షన్‌ను 1923లో అందరికీ వర్తింపజేశారు. ఇప్పుడు ఎల్‌ఐసీ ఏజెంట్లు ఎండబ్ల్యూపీ పాలసీ అని చెప్పేది దాని కిందే. భర్త ఆ చట్టం కింద పాలసీ తీసుకుంటే ఆ డబ్బు భార్యాపిల్లలది, మామూలుగా అతని అప్పులవాళ్లు ముట్టుకోలేరు.

కెరోలిన్‌కు మాత్రం విడాకులు రాలేదు. 1875లో జార్జ్ చనిపోయేదాకా చట్టం లెక్కలో ఆమె అతని భార్యే. 1877 మార్చిలో పాత స్నేహితుడు సర్ విలియం స్టిర్లింగ్ మాక్స్‌వెల్‌ను పెళ్లి చేసుకున్నారు. అప్పటికి ఆమె వయసు 68. జూన్ 15న చనిపోయారు.