రెవరెండ్ స్టీఫెన్ హిస్లాప్ గారు

ఎగువ అహోబిలమునకు పోవు త్రోవలో మా విద్యార్థులు రాతిపలకలను చేతబట్టి, వీనిలో ఆకుల గుఱుతులు గలవా యని మమ్ము అడుగుచుందురు. లేవు. ఈ కొండరాళ్లు భూమిపై గడ్డి మొలచుటకు నూఱుకోట్ల సంవత్సరములకు పైగా ముందే ఏర్పడినవి. గడ్డి పూర్వచరిత్ర తెలియగోరువారు నాగపురపు సీమకు పోవలయును. ఆ సీమ శిలలను మొదట శ్రద్ధతో పరిశీలించినవారు మావలె బడిలో పాఠములు చెప్పిన ఒక మిషనరీ యగుట మాకు సంతోషకరము.

స్టీఫెన్ హిస్లాప్ గారు 1817లో స్కాట్లండునందలి డన్స్ పట్టణమున జన్మించిరి. 1845లో నాగపురమునకు వచ్చి, మఱుసటి యేట పాఠశాల నెలకొల్పిరి. గోండుల భాష నేర్చి వారి ఆచారములను వ్రాసికొనిరి. 1851లో సహచరుడు రాబర్ట్ హంటర్ గారితో కలిసి నాగపురము చెంత టాక్లి కడ, నల్లరాతి పొరల నడుమ మంచినీటి గుల్లలను కనుగొనిరి. అగ్నిశిలల నడుమ చెరువు నత్తలేల? ఒక ప్రవాహము చల్లారి, దానిపై నీరు నిలిచి, ప్రాణులు పెరిగిన పిమ్మట మరల ద్రవశిల క్రమ్మెనన్నమాట. మన రాజమహేంద్రవరము కడ అట్టి పొరలలో దొరికిన గుల్లలను సైతము ఆయన పరీక్షించి 1860లో వర్ణించిరి. చాందా జిల్లాలోని పిస్దూర గ్రామమున గొప్ప జంతువుల శిలాస్థులను సేకరించిరి. ఆ పొరల వయస్సును మాత్రము ఆయన ఉన్నదానికంటె తక్కువగా తలచిరి. నాటి సాధనములకు అంతకంటె సాధ్యము కాదు.

1863 సెప్టెంబరు 4వ తేదీన టాకల్‌ఘాట్ కడ ప్రాచీన శిలావలయములను చూచుటకు రిచర్డ్ టెంపుల్ గారితో వెళ్లిరి. తక్కినవారు మరలిపోగా, ఆ యూరి బడిపిల్లలను పరీక్షించుటకై ఆయన వెనుక నిలిచిరి. పని ముగించి చీకటిలో గుఱ్ఱముపై వచ్చుచు, వానకు పొంగిన వాగులో మునిగి మరణించిరి. వయస్సు నలుబదియాఱు నిండలేదు. పిల్లల పరీక్ష మఱునాటికి వాయిదా వేసియుండిన, అని మేము పలుమాఱులు తలచితిమి. 1883లో నాగపురమున స్థాపింపబడిన కళాశాల ఆయన పేర వెలయుచున్నది.

ఇక గడ్డి మాట. పిస్దూరలో ఎముకలతోబాటు రాయిగా మారిన పేడ యుండలును దొరకును. 2005లో లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన వందనా ప్రసాద్ గారును సహచరులును వానిలో గడ్డి గుఱుతులను చూపిరి. గడ్డి నీటితోబాటు సిలికాను పీల్చి, ఆకు కణములలో గాజురేణువులుగా నిలుపుకొనును. జొన్నచేనిలో నడచి చేతులు గీచుకొనినవారికి ఆకు గరుకుదనము తెలియును. ఆకు కుళ్లినను రేణువులు చెడవు. ఆకారమునుబట్టి గడ్డి తెగను గుర్తింపవచ్చును. వెదురు తెగకును వరి తెగకును దగ్గఱివి అందుండెను. రాక్షసిబల్లులు గడ్డి మేయలేదని అంతవఱకు పెక్కురు తలచియుండిరి. సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల నాడే అవి గడ్డి మేసినవి!

ఆ పేడలోని కర్బనమును పరీక్షింపగా, నాటి మేతమొక్కలు వరివలె సాధారణరీతిని ఆహారము సిద్ధపఱచుకొనినవని తేలినది. మన జొన్న, కొఱ్ఱల రీతి వేఱు. అవి బొగ్గుపులుసు వాయువును మొదట ఒక ఆమ్లముగా పట్టియుంచి, పిదప సూర్యరశ్మితో చక్కెరగా మార్చును. అందువలన మండుటెండలోను కొద్దినీటితో బ్రదుకును. హిమాలయపాదమున శివాలిక్ ప్రాచీనమృత్తికలను పరీక్షింపగా, ఈ రీతి గడ్డి అచ్చట వ్యాపించుట సుమారు 80 లక్షల నుండి 70 లక్షల యేండ్ల క్రిందటనే యని తెలిసినది. ఆళ్లగడ్డ చేలలోని జొన్న ఆ తెగలోనిదే. పిస్దూర బల్లులకు అట్టి మేత దొరకలేదు.