అమృతాంజన నిర్మాత: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు

మన పూర్వులు చతుర్విధ పురుషార్థాలను పేర్కొన్నప్పుడు ధర్మం తరువాత వెంటనే అర్థాన్ని నిలిపారు. ధనార్జన నింద్యం కాదనీ, అది ధర్మాన్ని అనుసరించి సాగాలనీ ఆ క్రమంలోని ఆంతర్యం. చేతిలో పెద్దగా పైకం లేకపోయినా బుద్ధిబలంతో, ఓర్పుతో ధనాన్ని ఆర్జించి, ఆర్జించినదానిని జాతికి సమర్పించిన మహనీయులు ఆంధ్రదేశంలో కొందరున్నారు. వారిలో అగ్రగణ్యులు 'దేశోద్ధారక' కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. వారిని పత్రికా సంపాదకులుగా, దాతగా, జాతీయ నాయకులుగా మనం స్మరిస్తాం. ఆ కీర్తికంతటికీ పునాదిగా నిలిచినది ఒక చిన్న మందు సీసా. ఆ సీసాను ఆయన ప్రజల చెంతకు ఎలా చేర్చారన్నది నేటి విద్యార్థులు తప్పక తెలుసుకోదగిన విషయం.

నాగేశ్వరరావు పంతులుగారు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు శ్యామలాంబ, బుచ్చయ్యగార్లు. బందరులో చదువుకొని, ఉన్నత విద్యకై మద్రాసు చేరి, క్రైస్తవ కళాశాలలో 1891లో పట్టభద్రులయ్యారు. ఆ కాలంలో పట్టం పుచ్చుకున్న యువకునికి ప్రభుత్వోద్యోగం దాదాపు కరతలామలకం. నెలనెలా జీతం, సంఘంలో గౌరవం, వయసు మళ్ళిన తరువాత పింఛను లభించేవి. బంధుమిత్రులు కోరుకునేదీ అదే. పంతులుగారి మనస్సు మాత్రం అటు మొగ్గలేదు. విద్యార్థి దశలోనే కందుకూరి వీరేశలింగం రచనల ప్రభావం ఆయనపై పడింది. ఒకరి కొలువులో ఒదిగి ఉండటం కన్న స్వయంకృషితో జీవించడమే ఆయనకు ఇష్టమైంది.

అయితే ఇష్టం ఉన్నంత మాత్రాన వర్తకం అబ్బదు. పంతులుగారు మొదట మద్రాసులో వ్యాపార ప్రయత్నాలు చేశారు గాని అక్కడ స్థిరపడలేదు. ఆ తరువాత కలకత్తా వెళ్ళి ఒక మందుల దుకాణంలో పనికి కుదిరి ఔషధాల తయారీలోని మెలకువలు గ్రహించారు. అక్కడి నుండి బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీ అనే సంస్థలో ఉద్యోగిగా ప్రవేశించారు. సరకు కొనుగోలు, లెక్కలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, కొనుగోలుదారుల అవసరాలు మొదలైన వ్యాపార మర్మాలన్నీ అక్కడ అలవడ్డాయి. క్రమంగా ఆ సంస్థకే యజమాని కాగలిగారు. పట్టా పుచ్చుకున్న వ్యక్తి మందుల దుకాణంలో పని నేర్చుకోవడం చిన్నతనమని ఆయన భావించలేదు. తెలియని పనికి పెట్టుబడి పెట్టక, ముందుగా పని తెలుసుకోవడానికి కాలాన్ని వెచ్చించారు. కొద్దిపాటి ధనంతో వర్తకానికి దిగేవారికి ఇది మొదటి పాఠం.

1893లో బొంబాయిలో పంతులుగారు తమ సొంత ఔషధాన్ని వెలువరించారు. తలనొప్పికీ, ఒళ్ళు నొప్పులకూ పైపూతగా రాసుకునే పసుపుపచ్చని లేపనం అది. దానికి ఆయన 'అమృతాంజనం' అని పేరు పెట్టారు. అమృత, అంజనం అనే రెండు పదాలు సవర్ణదీర్ఘ సంధితో కలిసి ఏర్పడిన ఈ పేరులో గొప్ప ఔచిత్యం ఉంది. బొంబాయి బహుభాషా నగరం. మరాఠీలు, గుజరాతీలు, తెలుగువారు, కన్నడిగులు, ఉత్తరాదివారు అక్కడ కలిసిమెలిసి జీవిస్తారు. ఒక్క భాషకే పరిమితమైన పేరు పెడితే తక్కినవారికి అది అన్యంగా తోస్తుంది. అమృతం, అంజనం అనే సంస్కృత శబ్దాలు భారతీయ భాషలు అనేకంలో వాడుకలో ఉన్నవే. వినగానే అర్థం స్ఫురిస్తుంది. ఒకసారి విన్నవారు మరచిపోరు. చక్కని పేరు పెట్టడానికి పైకం ఖర్చు కాదు, ఆలోచన కావాలి. పంతులుగారిలోని సాహిత్యాభిమాని ఈ విధంగా వర్తకునికి తోడ్పడ్డాడు.

పేరు కుదిరింది, మందు సిద్ధమైంది. అసలు సమస్య అప్పుడే ఎదురైంది. ఊరూ పేరూ తెలియని ఒక ఆంధ్ర యువకుడు తయారు చేసిన మందును ఎవరు కొంటారు? విదేశాల నుండి దిగుమతి అయిన ఔషధాలపైనే ఆనాటి విద్యావంతులకు గురి. పత్రికలలో మందుల ప్రకటనలు కొల్లలుగా వెలువడేవి. ప్రతి మందూ సర్వరోగ నివారిణి అని చాటుకునేది. అన్ని మందులూ ఒకే తీరుగా ఆత్మస్తుతి చేసుకుంటుంటే వాటిలో ఏది నమ్మదగినదో పాఠకునికి తెలియదు. అట్టి ప్రకటనల నడుమ మరొక ప్రకటన వేసినా అది గుంపులో గోవింద అన్న చందమవుతుంది. పైగా ప్రకటనలకు వెచ్చించడానికి కొత్త వర్తకుని వద్ద అపార ధనరాశులు ఉండవు. తొలినాళ్ళలో అమృతాంజనం వెల పది అణాలని చెబుతారు. రూపాయికి పదహారు అణాలు చెల్లే ఆ రోజుల్లో సామాన్యునికి అది అల్పమైన మొత్తం కాదు. గుణం తెలియని వస్తువు కోసం అంత సొమ్ము వెచ్చించమని అడగడం తేలిక కాదు. అడిగినా ఫలితం ఉండదు.

ఈ చిక్కుముడిని పంతులుగారు విప్పిన తీరు ప్రశంసనీయం. ఆయన సంగీత సభలకు వెళ్ళి, అక్కడికి వచ్చిన శ్రోతలకు అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టారు. పైకి చూస్తే ఇది అమాయకపు పనిగా తోస్తుంది. అమ్ముకోవలసిన వస్తువును ఊరికే పంచిపెట్టే వర్తకుడు బాగుపడతాడా అని సందేహం కలుగుతుంది. కొంచెం లోతుగా పరిశీలిస్తే ఇందులోని వివేకం బోధపడుతుంది.

మొదటిది, స్థల నిర్ణయం. సంగీత సభలో శ్రోతలు గంటల తరబడి ఒకేచోట కూర్చుంటారు. దీపాల వేడి, జనసమ్మర్దం, నిద్రలేమి వీటివల్ల తల భారం కావడం సహజం. మందు అవసరమైనచోటే మందు వారి చేతికి అందింది. వీధిలో తొందరగా నడిచిపోయేవానికి ఇచ్చిన మందు జేబులోనే ఉండిపోతుంది. సభలో తీరికగా కూర్చున్నవాడు దానిని అక్కడికక్కడే రాసుకుని చూస్తాడు.

రెండవది, వస్తు స్వభావం. నెలల తరబడి సేవిస్తే గాని ఫలితం తెలియని మందుకు ఈ పద్ధతి సరిపడదు. అమృతాంజనం నుదుట రాసుకున్న కొద్దిసేపటికే చల్లదనం తెలుస్తుంది. దాని వాసన పక్కవారి నాసికకు సోకుతుంది. అదేమిటని వారు అడుగుతారు. రాసుకున్నవాడు సమాధానం చెబుతాడు. ఈ విధంగా మందు పుచ్చుకున్న ప్రతి శ్రోతా జీతం లేని ప్రచారకుడయ్యాడు. వర్తకుడు తన సరకును తానే పొగడుకుంటే లోకం సందేహిస్తుంది. పక్కన కూర్చున్నవాడు మెచ్చుకుంటే నమ్ముతుంది.

మూడవది, ఖర్చు. ఒక్క మనిషి నుదుటికి కావలసిన లేపనం చిటికెడు. ఒక సీసాడు మందు ఎందరికో సరిపోతుంది. పత్రికా ప్రకటనకు పెట్టే సొమ్ముతో పోలిస్తే ఇది స్వల్పం. పైగా సభకు వచ్చినవారు ఇంటికి తిరిగి వెళ్ళి తమ కుటుంబంలో, ఇరుగుపొరుగులో ఈ మాట చెప్పగలవారు. నలుగురు గౌరవించే రసికుల నోట వెలువడిన మాటకు విలువ ఎక్కువ.

అయితే ఈ పద్ధతిలో ఒక ప్రమాదం కూడా ఉన్నది. ఉచితంగా ఇచ్చిన మందు గుణం చూపకపోతే ఆ అపకీర్తి కూడా అంతే వేగంగా వ్యాపిస్తుంది. డాంబికమైన ప్రకటన వెనుక చెడ్డ సరకు కొంతకాలం దాగగలదు. చేతికి అందిన నమూనా వెనుక దాగలేదు. కనుక ఉచితంగా పంచడానికి కావలసినది ఔదార్యం మాత్రమే కాదు, తన వస్తువుపై తనకు గల నమ్మకం. కలకత్తా దుకాణంలో నేర్చిన విద్య పంతులుగారికి ఆ నమ్మకాన్ని ఇచ్చింది. ఆయన పరీక్షకు పెట్టినది మందును మాత్రమే కాదు, తమ మాటను కూడా. ఆ పరీక్షలో ఆయన నెగ్గారు. ఉచితంగా పుచ్చుకున్నవారు వెలపెట్టి కొనడానికి ముందుకు వచ్చారు. అమృతాంజనం ఇంటింటికీ చేరి, పంతులుగారిని లక్షాధికారిని చేసింది.

సంపద చేకూరిన పిదప మనిషి స్వభావం బయటపడుతుంది. పంతులుగారు 1907లో సూరతులో జరిగిన కాంగ్రెస్ మహాసభకు హాజరయ్యారు. జాతీయోద్యమ సందేశాన్ని తెలుగువారికి అందించడానికి తెలుగు పత్రిక ఆవశ్యకమని గ్రహించి, 1908 సెప్టెంబరులో బొంబాయిలోనే 'ఆంధ్రపత్రిక' వారపత్రికను ప్రారంభించారు. తెలుగునాటికి వందల మైళ్ళ దూరంలో, తెలుగువారు అల్పసంఖ్యాకులుగా ఉన్న నగరంలో తెలుగు పత్రిక నడపడం సాహసం. లాభనష్టాలు లెక్కించే వర్తకుడు చేయదగిన పని కాదది. ఆ భారాన్ని మోసినది అమృతాంజనమే. లేపనం అమ్మగా వచ్చిన ఆదాయం పత్రికకు ఆధారమైంది. పత్రిక పుటలలోని ప్రకటనలు లేపనాన్ని తెలుగు పల్లెల దాకా తీసుకువెళ్ళాయి. సంగీత సభలో చిటికెడు మందుతో మొదలైన ప్రచారం ఈ దశకు చేరుకుంది.

పాఠకులకు చేరువ కావాలనే సంకల్పంతో పంతులుగారు 1914లో తమ కార్యరంగాన్ని మద్రాసుకు మార్చారు. ఆ సంవత్సరం ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడింది. ప్రతి ఉగాదికీ వెలువడిన ఆంధ్రపత్రిక ప్రత్యేక సంచికలు ఆనాటి పండితుల, కవుల, చిత్రకారుల ప్రతిభకు వేదికలయ్యాయి. 1924లో 'భారతి' సాహిత్య మాసపత్రికను స్థాపించారు. తెలుగు సాహిత్య విమర్శకూ, పరిశోధనకూ భారతి చేసిన సేవ నిరుపమానం. భారతిలో తమ వ్యాసం అచ్చుకావడం పండితులకు గొప్ప గౌరవంగా ఉండేది. 1926లో ఆంధ్ర గ్రంథమాలను ఆరంభించి ఉత్తమ గ్రంథాలను ప్రచురించారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు ప్రారంభించిన విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన మరణంతో నిలిచిపోగా, ఆ మహత్కార్యాన్ని పునరుద్ధరించడానికి పంతులుగారు పూనుకున్నారు. గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచారు.

స్వాతంత్ర్యోద్యమంలోనూ పంతులుగారు ముందు నిలిచారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి అధ్యక్షత వహించారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు. ప్రభుత్వం ఆగ్రహిస్తే వ్యాపారానికీ, పత్రికకూ హాని కలుగుతుందని తెలిసినా వెనుకంజ వేయలేదు. చెరసాలలో ఉన్నప్పుడు భగవద్గీతకు వ్యాఖ్యానం రచించారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం 'కళాప్రపూర్ణ' బిరుదుతో ఆయనను సత్కరించింది. ప్రజలు 'దేశోద్ధారక' అని, 'విశ్వదాత' అని గౌరవించారు. 1937 నవంబరులో కోస్తాంధ్ర, రాయలసీమ నాయకుల మధ్య చారిత్రాత్మకమైన ఒడంబడిక కుదిరినది మద్రాసులోని వారి స్వగృహం శ్రీబాగులోనే. అందువల్లనే అది శ్రీబాగు ఒడంబడికగా ప్రసిద్ధికెక్కింది. తరువాత కొద్ది నెలలకే, 1938 ఏప్రిల్ 11న పంతులుగారు పరమపదించారు. ఆంధ్రపత్రిక ఎనిమిది దశాబ్దాలకు పైగా తెలుగువారికి సేవ చేసింది. అమృతాంజనం నేటికీ విపణిలో నిలిచి ఉంది. చెన్నై నగరంలోని మైలాపూరులో ఒక ఉద్యానవనం వారి పేరును నిలుపుతున్నది.

పంతులుగారి దానగుణాన్ని గురించి మాట్లాడేవారు సాధారణంగా ఆయన ఐశ్వర్యవంతులైన తరువాతి కాలాన్నే తలుస్తారు. నిజానికి ఆ గుణం వారి వర్తకంలో మొదటి రోజునుండీ ఉంది. తీసుకోవడానికి ముందు ఇవ్వడం ఆయన పద్ధతి. సభలలో లేపనం ఇచ్చి జనుల విశ్వాసాన్ని పొందారు. ఆ విశ్వాసం తెచ్చిన ధనాన్ని పత్రికగా, గ్రంథాలుగా, విరాళాలుగా తిరిగి జనులకే ఇచ్చారు. నేడు చదువు ముగించి చిన్నపాటి వ్యాపారం పెట్టదలచిన యువతీయువకులు ప్రచారానికి డబ్బు లేదని దిగులు చెందడం కద్దు. వారు పంతులుగారి జీవితం నుండి గ్రహించవలసినది ఇది: ముందుగా పని నేర్చుకోవాలి, అందరికీ అర్థమయ్యే పేరు పెట్టుకోవాలి, అవసరమున్న మనిషిని వెదకి అతని చేతికే వస్తువును అందించాలి, ఆ వస్తువు చెప్పిన మాట నిలబెట్టేదిగా ఉండాలి. వీటిలో చివరిది లోపిస్తే తక్కినవి ఎన్ని ఉన్నా నిష్ఫలం. ఎలకుర్రు గ్రామం నుండి బయలుదేరిన ఒక యువకుడు పరాయి నగరంలో నిలిచి గెలిచినది ఈ ఒక్క నియమాన్ని విడువకపోవడం వల్లనే.